పదమూడో ముడి

హోటల్ వంటింట్లో అతన్ని అందరూ దారం మాస్టారనే పిలిచేవారు. ఓవెన్లోకి పంపే ముందు నూలుదారంతో అతను కోడిని కట్టాడంటే కాళ్లు విచ్చుకోవు, రెక్కలు మాడవు, లోపలా బయటా ఒక్కలాగే వేగుతుంది. విందు రోజున కోళ్లు కట్టినవాడికి ఇంటికి తీసుకెళ్లడానికి ఒక కోడి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఇరవై రెండేళ్లుగా ఆ కోడి అతని వదినకే వెళ్లేది. మూడు నెలల క్రితం మాస్టారికి పక్షవాతం వచ్చింది. మాట బాగుపడింది, నడక బాగుపడింది, ఎడమచేతి వేళ్లు మాత్రం మొండికేశాయి.

యజమాని చెడ్డవాడు కాదు, మొహమాటం లేనివాడంతే. "ఆదివారం విందుకి పన్నెండు కోళ్లు. పదకొండింటికల్లా కట్టగలిగితే నీ బల్ల నీదే. లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాను, ఏమీ అనుకోకు," అన్నాడు.

అతను ఆ మాట పక్కవాటాలో ఉన్న వదినతో చెప్పాడు. అన్న పోయినప్పటి నుంచి ఆవిడ బట్టలు కుట్టుకుని బతుకుతోంది. మరిది మంచాన పడ్డప్పుడు మిషన్ మూసేసి మూడు వారాలు ఆసుపత్రిలోనే కూర్చుంది. ఎవరైనా మెచ్చుకోబోతే, అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందని వెళ్లానంటుంది.

"మూడు ముళ్లు వేసే యోగం నీకెలాగూ లేకపోయె. పన్నెండు ముళ్లకే బెంబేలు పడితే ఎలా మరిదీ," అంటూ ఆవిడ ఎర్రదారం రీలు పట్టుకొచ్చింది.

"ఇది పాలియెస్టర్ వదినా. వేడికి కరిగి మాంసానికి అంటుకుంటుంది. కోడికి జాకెట్టు కుడుతున్నామా మనం?"

తెల్ల నూలుదారం, ఒక కోడీ తెప్పించారు. కుడిచెయ్యి దారాన్ని చుట్టి తెస్తుంది, ఎడమచెయ్యి అందుకోదు. మొదటి ముడి మీద పెట్టి ఆపే వేలు లేక అది ప్రతిసారీ విడిపోయింది. పదోసారికి దారం విసిరికొట్టాడు.

"నా వల్ల కాదు వదినా. చేతులెత్తేశాను."

"ఎత్తడానికి ఒక్కటేగా ఉంది. అది కూడా ఎత్తేస్తే తిండెలా తింటావు," అంది ఆవిడ. అని, కాసేపు కోడినే చూసింది. "అయినా దారం పట్టుకుని దాని చుట్టూ నువ్వు తిరుగుతావేం? మిషన్ దగ్గర సూది తిరుగుతుందా, గుడ్డ తిరుగుతుందా?"

దారం ఒక కొసన జారుముడి వేసి కోడి కాళ్లకు తొడిగింది. "లాగు," అంది. లాగితే బిగిసింది. రెండో కొసను ఇస్త్రీపెట్టె కింద పెట్టి, "ఇప్పుడు కోడిని తిప్పు," అంది. అతను కుడి అరచేత్తో తిప్పాడు. దారం తనంతట తానే చుట్టుకుంది. మిగిలిన కొసను చుట్ల కిందికి దోపి, ఎత్తి ఊపి చూశాడు. కదల్లేదు. ఆ వారమంతా రెండు వాటాల్లోనూ కోడి తప్ప మరో కూర లేదు.

జారుముడి వేయడానికి మాత్రం రెండు చేతులూ కావాలి. శనివారం సాయంత్రం ఆవిడే దారం ముక్కలకు ముళ్లు వేసి బిస్కెట్ల డబ్బాలో సర్దింది.

"పన్నెండే వదినా," అన్నాడతను.

"లెక్కలు నాకు చెప్పకు," అంది.

ఆదివారం ఇస్త్రీపెట్టె బదులు పచ్చడిబండ పెట్టుకుని మొదలుపెట్టాడు. తొడగడం, లాగడం, తిప్పడం, దోపడం. నాలుగో కోడికి చొక్కా తడిసిపోయింది. తొమ్మిదో కోడికి భయం పోయింది. పదకొండుకి పది నిమిషాలుందనగా పన్నెండోది పళ్లెంలోకి చేరింది.

యజమాని వచ్చి ఒకదాన్ని తలకిందులుగా ఎత్తి ఊపాడు. "ఎక్కడ నేర్చుకున్నావిది?"

"మా వదిన దగ్గరండి."

"అయితే ఆవిడ కోడి కూడా కట్టు. ఆనవాయితీ మనమెందుకు తప్పాలి," అని ఇంకో కోడిని బల్ల మీద పెట్టి వెళ్లాడు.

పన్నెండు ముళ్లూ అయిపోయాయి. ఎవర్ని వెయ్యమని అడగాలి? ఎందుకైనా మంచిదని డబ్బాలో చెయ్యి పెట్టాడు. అడుగున, కాగితం కింద, ఒక జారుముడి వేళ్లకు తగిలింది. అతనికే తన మీద నమ్మకం లేని రోజున ఆవిడ పదమూడు వేసింది. అతను దాన్ని పదమూడో కోడి కాళ్లకు తొడిగి లాగాడు. కళ్లు తుడుచుకోవడానికి ఉన్న ఒక్క చేతికీ పనుంది మరి.

సాయంత్రం కోడిని తెచ్చి వదిన ముందు పెట్టాడు. "నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణి వదినా," అన్నాడు.

"వేరే హోటల్లో చేరేవాడివి," అంటూ ఆవిడ కత్తెర తీసుకుంది. "ముందు ఇటు పట్టు. చల్లారిపోతోంది."