పోచన్న చదువు, ముబారక్ బ్లూటూత్

అల్ ఖూజ్ లేబర్ క్యాంపులో ముబారక్ కడుపంత లోతైన బావి దుబాయ్ మొత్తం మీద ఇంకోటి లేదు. ఎవరి గుట్టు అందులో పడ్డా మళ్ళీ పైకి రాదు. ఈ మాట చెప్పింది ముబారకే. కడప కుర్రాడు. పగలు సైటులో సిమెంటు బస్తాలు మోసి, సాయంత్రం మంచమ్మీద కూర్చుని అందరి ఫోన్లూ బాగుచేసేవాడు. బ్లూటూత్‌లో పాటలు పంపేదీ అతనే. 2006లో క్యాంపు గుట్టు సగం అతని స్క్రూడ్రైవరు కిందే ఉండేది.

బావి మంగళవారం పొంగింది.

జగిత్యాల మేస్త్రీ పోచన్న, స్పీకరు మోగడం లేదని ఫోను ఇచ్చాడు. బాగైందో లేదో చూడాలంటే ఏదో ఒకటి మోగించాలి. పాట మోగించొచ్చు. ముబారక్ రికార్డింగులు తెరిచాడు.

"ఉ... డు... త. ఉడుత చెట్టు ఎక్కె. అరె, కాదు. ఎక్కింది."

నలభై దాటిన పోచన్న గొంతు! ముబారక్ నవ్వాపుకోలేక దిండులో సగం దూది మింగాడు.

పొద్దున కంపెనీ బస్సు షేక్ జాయెద్ రోడ్డు ఎక్కేలోపు నలభై ఫోన్లలో ఉడుత చెట్టెక్కింది. పఠాన్ డ్రైవరుకు కూడా తెలుగు వచ్చేసింది. పోచన్న మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అతను పుస్తకం తియ్యలేదు. అది కూతురు లావణ్య ఒకటో తరగతి వాచకం. ఊరివాళ్ళతో తెప్పించుకుని, చదివి, రికార్డు చేసుకుని, తప్పులు వినేవాడు. వచ్చే నెల సెలవులో కూతురి పక్కన కూర్చుని చదవాలని ఆశ. ఇప్పుడా పుస్తకాన్ని పెట్టె అడుగున వేసి తాళం వేశాడు.

"చదవ్వా పోచన్నా?" అడిగింది ముబారకే.

"సదువు ఖలాస్ తమ్మీ. గింతమంది నవ్విన్రు, బిడ్డ నవ్వదా?"

మర్నాడు బస్సులో అందరికంటే గట్టిగా అరిచింది ముబారకే. "ఎవుడ్రా ఆ పని చేసినోడు? మగోడైతే ముందుకు రారా!"

"ఫోన్ల డాక్టరువి నువ్వేగా, కనుక్కో" అన్నాడు పక్కసీటు మురళీ.

"బ్లూటూత్ అంటే గాలి మురళీ. గాలికి పేరుంటాదా? ఇప్పుడు నేనే నీకో పాట పంపిస్తా, చూడు."

పంపాడు. మురళీ ఫోను కూసింది. తెర మీదున్నది అతను బిగ్గరగా చదివాడు. "ముబారక్ మొబైల్ డాక్టర్ నుంచి. తీసుకోవాలా?"

గిరాకీ కోసం ఆ పేరు ఫోనుకు పెట్టుకున్నది ముబారకే. పెట్టి మర్చిపోయాడు. రోజూ వచ్చేవి పాటలే కాబట్టి ఎవరూ పేరు చూడకుండా ఎస్ నొక్కేవాళ్ళు. మురళీ ఇన్‌బాక్సులో కొత్త పాట కిందే ఉడుత ఉంది. దాని పక్కనా డాక్టరు పేరే.

ఎవరూ నవ్వలేదు. పోచన్న వెనక్కి తిరిగాడు.

"స్పీకరు బాగ చెయ్యమంటి. ఇనుమంటినా?"

"లేదన్నా. నేనే విన్నా. నవ్వొచ్చింది, పంపించినా. ఇంకేదన్నా సాకు చెబుదామనుకుంటి, దొరకలా." ముబారక్ గొంతు తగ్గింది. "పుస్తకం మళ్ళీ తియ్యన్నా."

"పుస్తకం సంగతి నేన్ జూస్కుంట. నువ్వు ముందుగాల అందరి ఫోన్లల్లకెల్లి నా గొంతు తియ్యి."

ముబారక్ లేచి మొదటి సీటు దగ్గరికెళ్ళాడు.

"ఫోన్ ఇయ్యి భాయ్. అది పంపింది నేనే."

వెనక ఇంకా బస్సంతా ఉంది.