ఆగిపోయిన నకలు

అమీర్‌పేటలోని రాజనర్సయ్య మందుల హోల్‌సేల్ ఆఫీసులో కంప్యూటర్లు చూసే దివ్యశ్రీకీ మహిపాల్‌కీ మొదటి నుంచీ పడదు. మహిపాల్ యజమాని మేనల్లుడు, మేనేజరు. బిల్లులన్నీ ఎక్కడో దూరపు సర్వర్లో దాచే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది అతనే. ఆ సర్వర్ పడిపోతే ఒక్క బిల్లూ వెతకలేమని దివ్యశ్రీ యజమాని ముందే అనేసింది. అని ఊరుకోలేదు. కొత్త ఎలక్ట్రానిక్ బిల్లుల్ని గంటగంటకూ తెచ్చి ఆఫీసు కంప్యూటర్లో నకలు పెట్టే ప్రోగ్రాం రాసింది. ఇక నెట్ లేకపోయినా ఏ మందు ఏ షాపుకు పోయిందో క్షణంలో తేలేది.

"నిన్ను పెట్టుకున్నది కంప్యూటర్లు జూడనీకి. నా మీద కావలి ఉండనీకి గాదు," అన్నాడు మహిపాల్, అందరూ వింటుండగా.

మర్నాడే భద్రత అని చెప్పి సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ మార్చేశాడు. కొత్తది ఆమెకు చెప్పలేదు. దాంతో నకలు ఆగిపోయింది. దివ్యశ్రీ అది చూసింది. యజమానికి ఒక్క మాట చెబితే సరిపోయేది. అవసరం పడ్డనాడు అతనే వచ్చి అడగాలని పంతం పట్టి నోరు మూసుకుంది.

ఒకరోజు పొద్దున మందుల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పిల్లల జ్వరం సిరప్ ఒక బ్యాచ్‌లో కల్తీ తేలింది, పోయిన సీసాలన్నీ వెంటనే వెనక్కి తెప్పించమని. మహిపాల్ సాఫ్ట్‌వేర్ తెరవబోయాడు. సర్వర్ పడిపోయింది. బాగయ్యేసరికి సాయంత్రమవుతుందన్నారు.

రాజనర్సయ్య గబగబా దివ్యశ్రీ దగ్గరికొచ్చాడు. "అమ్మా, నీ దాంట్ల జూడు జర."

ఆమె బ్యాచ్ నంబరు కొట్టింది. ఏమీ రాలేదు. ఆ బ్యాచ్ అమ్మకానికి వచ్చిందే నకలు ఆగిన తరువాత.

"జూసినవా మామా! పెద్ద గొప్పలు జెప్పింది," అన్నాడు మహిపాల్.

"పాస్‌వర్డ్ మార్చి ఆపింది నువ్వే గదా!" దివ్యశ్రీ లేచి నిలబడింది. అప్పటిదాకా అతణ్ని 'మీరు' అనేది.

"ఆగిందని ఎర్కైనప్పుడు ఎందుకు జెప్పలే?"

రాజనర్సయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీ ఇద్దరి పంతానికి పసిపోరగాళ్లు తాగాల్నా గా మందు?"

దివ్యశ్రీ కూర్చుని, పాత బిల్లుల్లో ఆ సిరప్ ఎప్పుడైనా కొన్న షాపులన్నీ బయటికి తీసింది. సగం తను తీసుకుని, మిగతా సగం మహిపాల్ ముందు పడేసింది. ఇద్దరూ చెరో మూలకు పోయి ఫోన్లు పట్టుకున్నారు. సీసాలు ఉన్నవాళ్లు పక్కన పెట్టేస్తామన్నారు. బోరబండలో ఒక్క షాపు ఫోన్ మాత్రం కలవలేదు.

మహిపాల్ బండి తీశాడు. "ఎక్కు. తప్పు నా ఒక్కనిదే అని రేపు జెప్తవ్ లేకుంటే." మధురానగర్ దాటి బోరబండ చేరారు.

షాపామె రుద్రమ్మ నెత్తి కొట్టుకుంది. ఒక సీసా పొద్దుననే వెనక గల్లీలోని కాంతవ్వ పట్టుకుపోయిందట. వాళ్లు వెళ్లేసరికి కాంతవ్వ మనవణ్ని ఒళ్లో వేసుకుని కూర్చునుంది. ఒక మూత మందు అప్పటికే పట్టేసింది. మహిపాల్ సంగతి చెప్పాడు.

"విషం అమ్ముతర్రా మీరు?" ఆమె సీసాను మహిపాల్ మీదికి విసిరింది. అది అతని భుజానికి తగిలి కింద పగిలింది.

దివ్యశ్రీ ఆటో పిలిచింది. పిల్లవాణ్ని పంజగుట్ట ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ పూటంతా కాంతవ్వ తిడుతూనే ఉంది, వీళ్లు తలలు వంచుకుని వింటూనే ఉన్నారు. పొద్దుగూకే వేళకు డాక్టరు వచ్చి ప్రమాదమేమీ లేదన్నాడు. దివ్యశ్రీ వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది.

మహిపాల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పొద్దున కోపంల ఏదేదో అనుకున్నం. మామ మళ్ల అడిగితే నకలు దానంతటదే ఖరాబైందని జెప్దాం. నీకు మంచిదే, నాకు మంచిదే."

"నేను జెప్ప."

"జెప్పకుంటే నీ నౌకరి సుత పోతది."

"పోనీ."

ఆ రాత్రే ఆమె యజమాని ముందు నిలబడి అతను చేసింది, తను చేయనిది, రెండూ పూసగుచ్చినట్టు చెప్పింది. రాజనర్సయ్య మేనల్లుణ్ని పిలిచి, అతని చేత కొత్త పాస్‌వర్డ్ అక్కడికక్కడే ఆమెకు చెప్పించాడు. ఎవరినీ తీసేయలేదు. "రేపు ఇద్దరూ పోయి గా ముసలమ్మ కాళ్లు మొక్కి రాండ్రి," అన్నాడు.

మర్నాడు కాంతవ్వ వాళ్లను గడప దాటనివ్వలేదు. "పిల్లగాడు మంచిగున్నడు. ఇగ పోండ్రి," అని తలుపు వేసుకుంది.

గల్లీ చివర మహిపాల్ బండి స్టార్ట్ చేసి, వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయాడు. దివ్యశ్రీ ఎండలో బస్టాపు వైపు నడిచింది.