ఓడంతా పిండి చేతులు

ఏనుగు తొండం సగం మడతలో ఉండగా గోడలోని స్పీకరు గరగరలాడింది.

"ప్రయాణికులకు కెప్టెన్ నమస్కారాలు. గాలి ఎక్కువగా ఉండటం వల్ల ఈరోజు మనం రేవులో ఆగడం లేదు. ఓడ ఇలాగే ముందుకు సాగిపోతుంది. మీ క్షేమమే మాకు ముఖ్యం."

ఆమె చేతిలో తువ్వాలు జారిపోయింది. తొండం, చెవులు అన్నీ విడిపోయి, ఏనుగు కాస్తా మామూలు తువ్వాలై మంచం మీద పడింది.

ఆ ఓడలో గదులు సర్దే పని ఆమెది. దుప్పట్లు మార్చి, అద్దాలు తుడిచి, చివరికి తువ్వాలును ఏదో ఒక జంతువులా మడిచి మంచం మీద కూర్చోబెట్టాలి. హంసలు అందరికీ వచ్చు. ఏనుగు మాత్రం ఆమె చేతిలోనే కుదురుగా కూర్చుంటుందని ఓడలో అందరూ ఏనుగులమ్మాయి అని పిలిచేవారు.

మామూలుగా రేవు తప్పితే ప్రయాణికులకు బాధ, పనివాళ్ళకు చాకిరీ. కానీ ఆమెకు ఈరోజు అది అంతకంటే పెద్ద దెబ్బ. ఓడలో నెట్ అంటే ఒకే కుళాయి కింద ఊరంతా బిందెలు పెట్టినట్టుంటుంది. నడిసముద్రంలో ప్రయాణికులంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటే పనివాళ్ళ వంతుకు చుక్క కూడా రాదు. రేవులో ఆగిన రోజున మాత్రం జనం ఊరు చూడటానికి దిగిపోతారు. ఓడ ఖాళీ. కుళాయి బుసబుసా పొంగుతుంది. అందుకే పనివాళ్ళు ఇంటి సంగతులన్నీ రేవు రోజుకే పెట్టుకుంటారు. పిల్లల పుట్టినరోజు కేకులు రెండు రోజులు ఆలస్యంగా కోయిస్తారు. అత్తాకోడళ్ళ తగువులకు తీర్పులు ఆ రోజుకే వాయిదా వేస్తారు.

ఆమె కూడా తన పాప చెవి మిషన్ ఆన్ చేయించడం ఈరోజుకే పెట్టించుకుంది.

ఇంట్లో గువ్వ అని పిలుచుకునే ఆ పాప పుట్టిన నాటి నుంచి ఒక్క చప్పుడు వినలేదు. కడుపులో ఉన్నప్పటి నుంచి ఆమె గువ్వా గువ్వా అంటూనే ఉంది. పాప ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. కిందటి నెల చెవి వెనక ఆపరేషన్ చేసి లోపల మిషన్ అమర్చారు. ఆ రోజు ఆమె ఓడలో ఎవరివో చెప్పులు వరసగా సర్దుతూ ఏడ్చింది. ఇప్పుడు గాయం మానింది. ఈ ఉదయం చెవి మీద బయటి ముక్క తగిలించి మిషన్ ఆన్ చేస్తారు. మొదటి పిలుపు ఇంట్లోవాళ్ళలో ఎవరిదైనా ఫర్వాలేదని ఆస్పత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ చెప్పగానే, "నాదే" అంది ఆమె. "ఫోన్లో అయినా సరే, నాదే."

ఇప్పుడేమో రేవు లేదు.

తువ్వాలును అలాగే వదిలేసి, పని మధ్యలో పోకూడదన్న మాట కూడా మరిచిపోయి, కింది అంతస్తుకు పరుగెత్తింది. బట్టలుతికే గది వెనక ఇనప మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడితే నెట్ కాస్త అందుతుందని పనివాళ్ళందరి నమ్మకం. అక్కడ ఇస్త్రీ అక్క ఆవిరిలో మునిగి, తళుకుల కోటు ఒకటి ఇస్త్రీ చేస్తోంది. ఇద్దరిదీ ఒకే గది. ఆమెది కింది మంచం, అక్కది పై మంచం.

"ఏమే, ముఖం అలా వేలాడేశావ్? ఓడ మునుగుతోందా?"

"మునిగినా బాగుండేదక్కా. రేవు తప్పిపోయింది."

"నోరు మూసుకో. నాకు ఈత రాదు." అంతలోనే అక్కకు గుర్తొచ్చింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది. "అయ్యో, గువ్వది ఈరోజే కదూ?"

ఆమె ఫోన్ తీసింది. నొక్కింది. 'కలుపుతోంది' అన్న మాట, పక్కన చక్రం. చక్రం తిరుగుతూనే ఉంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ చక్రమే.

"నీ గొంతు రికార్డు చేసి పంపెయ్యి. వాళ్ళు అక్కడ పెట్టి వినిపిస్తారు," అంది అక్క.

రికార్డు చేసింది. దాని పక్కన గడియారం బొమ్మ వచ్చి కూర్చుంది. కదల్లేదు.

అటునుంచి మాత్రం భర్త పంపిన సందేశాలు ఒక్కసారిగా ఊడిపడ్డాయి. బయల్దేరాం. వచ్చేశాం. ఎర్ర గౌను వేశాం. మన ముందు ఒక్కరే ఉన్నారు. ఏమిటి, పలకవేం? టీచరమ్మ లోపలికి రమ్మంటోంది, ఏం చెయ్యను?

ఆమె భర్త దర్జీ. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా చెయ్యి వణకని మనిషి. అలాంటివాడు 'ఏం చెయ్యను' అని రాశాడు. ఆమె 'ఆగండి' అని కొట్టింది. గడియారం. మళ్ళీ 'ఆగండి'. మళ్ళీ గడియారం. కొడుతూనే ఉంది.

"నా కోటు అయిందా అక్కా?" అంటూ మైకన్న వచ్చాడు. ఓడలో ఆటలూ పాటలూ నడిపించేది అతనే. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడతాడు.

"కోటు సంగతి తర్వాత. పైన జనం ఏం చేస్తున్నారు?" అంది అక్క.

"ఏం చేస్తారు? ఓడ ఆగలేదని చుట్టాలందరికీ చెప్పుకుని ఏడుస్తున్నారు. వీడియోలో మొహాలు చూపించి మరీ."

అక్క సంగతంతా చెప్పింది. మైకన్న ముఖంలో వెటకారం పోయింది. "అంతేనా? నేను చూసుకుంటా. అందర్నీ ఫోన్ల మీంచి లేపేస్తా," అని బనియను మీదే పైకి ఉరికాడు.

కాసేపటికి స్పీకర్లలో అతని గొంతు మోగింది. "కుడివైపు చూడండి, కుడివైపు. డాల్ఫిన్లు కనిపించే అవకాశం ఉంది. అందరూ పైకి రండి."

తల మీద వందల కాళ్ళు దబదబా పరుగెత్తాయి. ఆమె ఆశగా ఫోన్ నొక్కింది. ఇందాక చక్రమైనా తిరిగేది. ఇప్పుడు అదీ ఆగిపోయింది.

మైకన్న చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. "అందరూ వీడియోలు తీశారమ్మా. తీసి అందరూ ఒకేసారి ఇళ్ళకు పంపుతున్నారు."

"డాల్ఫిన్లు వచ్చాయా ఏంటి?" అంది అక్క.

"ఎక్కడివి? ఉత్త అలలు. అలలకే ఇంత పంపారంటే, నిజంగా ఒక్క చేప ఎగిరుంటే నెట్ ఊడి సముద్రంలో పడేది."

అక్కకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. చూడటానికి ఏదైనా చూపిస్తే జనం ఫోన్ తీస్తారు. పాట పెట్టినా తీస్తారు. వాళ్ళ చేతుల్లో ఫోన్ ఉండకూడదంటే, చేతుల్లో ఇంకేదో ఉండాలి. తన చేతులు చూసుకుంది. ఇంట్లో ఉన్నప్పుడు ఎవరు ఫోన్ చేసినా తన చేతులు ఖాళీగా ఉన్నదెప్పుడు? సరిగ్గా పిండి కలుపుతున్నప్పుడే మోగేది. మోగీ మోగీ ఆగిపోయేది. చిటికెన వేలితో కూడా ముట్టుకోలేకపోయేది.

"పిండి," అంది.

"ఏం పిండి?"

ఆమె అప్పటికే మెట్లెక్కేస్తోంది.

వంటశాలలో రొట్టెల బాబాయ్ పెద్ద తొట్టెల మీద తడిగుడ్డలు కప్పి, పసిపిల్లల్ని నిద్రపుచ్చినవాడిలా పక్కనే నిలబడి ఉన్నాడు. సాయంత్రం రొట్టెలకు పిండి పొంగుతోంది.

"బాబాయ్, నీ పిండి కావాలి. మొత్తం."

"నా పిండి జోలికొస్తే ఊరుకోను."

"ప్రయాణికుల చేత పిసికించాలి."

బాబాయ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "వాళ్ళ చేతా? ఉంగరాలు పెట్టుకున్న చేతులతోనా? కూతురా, నీకేం ద్రోహం చేశానే నేను?"

ఆమె చెప్పింది. ఎలా చెప్పిందో ఆమెకే తెలియదు, ముందు మాట వెనక, వెనక మాట ముందు. గువ్వ, ఎర్ర గౌను, చక్రం, అలలు. బాబాయ్ వింటూనే ఒక తొట్టె మీద గుడ్డ తీసేశాడు.

"ముందే ఏడవచ్చు కదా ఈ ముక్క. పట్టు ఆ చివర."

తొట్టె బయటకు లాగుతుండగా భోజనశాల పెద్దాయన ఎదురొచ్చాడు. ఆమె తన పని ఊడిందనుకుంది. పెద్దాయనకేమో పొద్దుటి నుంచి జనం తిట్లు తిని తిని చెవులు వాచిపోయి ఉన్నాయి.

"ఏమిటిది?"

"రొట్టెల పోటీ అండి," అన్నాడు వెనకే వచ్చిన మైకన్న, రెప్ప వేయకుండా. "జనానికి కాలక్షేపం. జడలా అల్లాలి. బాగా అల్లినవాళ్ళ రొట్టె కెప్టెన్ గారి బల్ల మీదికి."

పెద్దాయన పిండిని చూశాడు, పైన గోలను విన్నాడు. "ఇంకో రెండు తొట్టెలు కూడా తీసుకెళ్ళండి," అన్నాడు.

ఆ తర్వాత ఓడ మీద జరిగిందాన్ని పోటీ అనాలో దండయాత్ర అనాలో తెలియలేదు. బల్లలన్నీ కలిపేశారు. పిండి ముద్దలు పంచారు. సూటు వేసుకున్న తాతగారు మోచేతుల దాకా పిండి పూసుకున్నాడు. కొత్తగా పెళ్ళయిన జంట ఎవరి జడ పొడుగని తగువులాడుకుంది. రొట్టెల బాబాయ్ బల్లల మధ్య తిరుగుతూ, "నొక్కకండి, బతిమాలండి. అది పిండి, మీ శత్రువు కాదు," అని బతిమాలుతున్నాడు. ఒకావిడ ఫోటో తీసుకోవాలని చెయ్యి తుడుచుకోబోయింది.

"చేతులు తుడిచినవాళ్ళు ఆటలోంచి అవుట్," అని గర్జించాడు మైకన్న. "ఫోన్ ముట్టుకున్నా అవుట్. మా రొట్టెల బాబాయ్ కళ్ళు డేగ కళ్ళు."

ఆవిడ మళ్ళీ పిండిలో చేతులు పెట్టేసింది. బల్లల మీద ఫోన్లు వాటి మానాన అవి గుర్రు గుర్రుమని వణుకుతున్నాయి. ఎత్తే చెయ్యి లేదు. అలల దెబ్బకు తల తిరిగినవాళ్ళు ఎలాగూ గదుల్లో పడుకునే ఉన్నారు.

ఆమె ఇనప మెట్ల దగ్గరికి వచ్చి పడింది. అక్క ఇస్త్రీ ఆపేసి పక్కనే నిలబడింది.

"వీడియో వద్దు. ఉత్త గొంతే. సన్నగానైనా సాగుతుంది," అంది అక్క.

నొక్కింది. చక్రం తిరిగింది. తిరిగింది. ఆగింది. అవతల మోగింది.

"ఎక్కడున్నావే నువ్వు," అన్నాడు భర్త. గొంతు దగ్గరగా, పక్కగదిలో ఉన్నట్టుంది. "నీ ఆగండిలన్నీ ఇప్పుడే గుంపుగా దిగాయి."

"మొదలుపెట్టేశారా? చెప్పండి, మొదలుపెట్టేశారా?"

"లేదు. నేను గువ్వకు ఆకలంటూ బిస్కెట్లు తినిపిస్తున్నా. అమ్మేమో టీచరమ్మకు తన మోకాళ్ళ నొప్పి మొదటి నుంచీ చెబుతోంది. పాపం ఆవిడ లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతోంది."

"అత్తయ్యకు నా దండం చెప్పండి."

"నువ్వే చెప్పుకో, పక్కనే ఉంది. ఉండు, టీచరమ్మ మిషన్ తగిలిస్తోంది. తగిలించింది. ఆన్ చేసిందట. నువ్వు పిలువు."

నెలల తరబడి ఏమేమి చెప్పాలో అనుకుంది. అమ్మను నేనే అని చెప్పాలనుకుంది. వచ్చేస్తున్నా అని చెప్పాలనుకుంది. అన్నీ ఎటో పోయాయి.

"గువ్వా," అంది.

అవతల నిశ్శబ్దం.

ఈ నిశ్శబ్దం ఎవరిది? నెట్ తెగిందా? లేక తన పిలుపు వెళ్ళి, పాప దాకా చేరి, ఎప్పటిలాగే పాప తిరిగి చూడలేదా? ఫోన్ చూసింది. తెగినట్టు లేదు, ఉన్నట్టూ లేదు. అక్క ఆమె భుజం గట్టిగా పట్టుకుంది.

"గువ్వా. అమ్మా. గువ్వా."

ఒక్క క్షణం. ఆ తర్వాత ఫోన్లోంచి కెవ్వుమని ఏడుపు. మామూలు ఏడుపు కాదు, ఆస్పత్రి కప్పు లేచిపోయేలా.

"అదేమిటే, పిల్లను దడిపించేశావ్," అని అత్తయ్య అరుపు. ఏదో కుర్చీ జరిగిన చప్పుడు. వెనక టీచరమ్మ నవ్వు. "కంగారు పడకండమ్మా. చప్పుడంటే ఏమిటో మొదటిసారి తెలిసింది కదా, భయపడింది. విన్నది. చక్కగా విన్నది."

"విన్నదా?" అంది ఆమె. "ఏమండీ, విన్నదా?"

భర్త ముక్కు ఎగపీల్చిన చప్పుడు మాత్రం వచ్చింది. అతని బదులు అత్తయ్యే చెప్పింది. "విన్నదే. మీ ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు, ఏమీ చెప్పలేడు. నేను చెబుతున్నా, విన్నది. నువ్వు పిలవగానే బిస్కెట్ కింద పడేసింది. ఊరుకోమ్మా, ఊరుకో, మీ అమ్మేలే."

"ఊరుకోబెట్టకండి అత్తయ్యా. ఏడవనివ్వండి. నన్ను విననివ్వండి."

ఆమె మెట్టు మీద కూలబడి ఆ ఏడుపు వింది. కూతురి ఏడుపుకు ఇంత సంతోషించిన తల్లి ఎవరైనా ఉంటారా అనుకుంది. మెల్లిగా మళ్ళీ పిలిచింది, ఈసారి పక్కన పడుకోబెట్టుకుని జోకొడుతున్నంత చిన్నగా. ఏడుపు వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు ఆగాయి.

"ఏం చేస్తోంది?"

"ఫోన్ లాక్కుంది," అన్నాడు భర్త, గొంతు సర్దుకుని. "అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఇప్పుడు నోట్లో..."

తెగిపోయింది.

పైన చప్పట్లు. పోటీ అయిపోయినట్టుంది. జనం చేతులు కడుక్కుంటున్నారు, ఒక్కొక్క ఫోనే మేలుకుంటోంది. అక్క ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని గబగబా నొక్కింది. చక్రం.

"ఛీ, వెధవ నెట్. ఇంకొక్క నిమిషం ఉంటే ఏం పోయింది. ఉండు, మైకన్నను పట్టుకుని ఇంకో తొట్టె తీయించేస్తా."

ఆమె అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. తడిసిన ముఖం కొంగుతో తుడుచుకుని, ఎన్నాళ్ళ తర్వాతో నవ్వింది.

"పోనీలే అక్కా. రేపైనా వింటుంది. ఎల్లుండైనా వింటుంది."