పిళ్ళప్ప ఒట్టు

బాగేపల్లిలో హైవే పక్కనున్న నారాయణస్వామి బార్‌లో, మందు చప్పగా ఉందని ఎవరైనా గొడవ పెట్టుకుంటే దాన్ని తీర్చే పద్ధతి ఒకటుంది. మందు పోసే పిళ్ళప్ప కౌంటర్ దాటి బయటికొస్తాడు. గడిదం వెంకటరమణస్వామి గుడి ఉన్న దిక్కుకు తిరిగి, చెయ్యెత్తి, నీళ్ళు కలపలేదని ఒట్టు వేస్తాడు. గొడవ అక్కడితో ముగుస్తుంది. పిళ్ళప్ప చుక్క ముట్టడని ఊరికంతా తెలుసు. తాగనివాడికి సీసాలోంచి దొంగిలించి నీళ్ళు నింపే అవసరం ఉండదు. నారాయణస్వామి అతన్ని పనిలో పెట్టుకున్నదే అందుకు.

ఈ మధ్య ఒట్లు ఎక్కువయ్యాయి. కస్టమర్లంటేనే పిళ్ళప్పకు రోత పుడుతోంది. సీసా మూత వాళ్ళ కళ్ళముందే తీస్తాడు. కొలత గ్లాసు అంచుదాకా నింపుతాడు. సోడా వాళ్ళే గుమ్మరించుకుంటారు. సగం తాగాక మూతి తుడుచుకుని సప్పగా ఉండాదంటారు. గట్టిగా అరిస్తే నారాయణస్వామి అరపెగ్గు ఊరికే పోయిస్తాడని వాళ్ళకు తెలుసు. ఆ అరపెగ్గు కోసం ఒకడు కన్నకూతురి మీద ప్రమాణం చేశాడు. ఇంకొకడు వాసన చూడమని తన ఎంగిలి గ్లాసును పిళ్ళప్ప ముక్కు కిందికి తెచ్చాడు. అందులో పల్లీల పొట్టు తేలుతోంది.

అందరికంటే పెద్ద గొంతు పట్టాభిరామది. బస్టాండు దగ్గర పైపులు, కుళాయిలు అమ్మే అంగడి అతనిది. మధ్యాహ్నం షట్టరు దించి నేరుగా బార్‌కు వస్తాడు.

"ఐసు ఎయ్యొద్దు పిళ్ళప్పా," అన్నాడు ఆ రోజు. "నీ మందు ముందే నీళ్ళు. దాంట్లో ఐసు కూడా యాలప్పా?"

"నీళ్ళు కాదన్నా. మీ ముందరే కదా మూత తీసింది."

"తాగనోడివి, నువ్వు నాకు రుచి నేర్పిస్తావా? సుమ్నే నోరు మూసుకోని ఉండప్పా! ఏదీ, ఒట్టెయ్యి చూద్దాం."

పక్క టేబుళ్ళవాళ్ళు నవ్వారు. పిళ్ళప్ప ఒట్టు వేశాడు.

"సరే. ఐసు లేకుండానే చల్లగా చేసి తీసుకురాపో."

పిళ్ళప్ప ఆ గ్లాసును వంటింట్లో చేపలు పెట్టే ఫ్రీజర్లో పెట్టాడు. అంతలో లారీలవాళ్ళు గుంపుగా వచ్చారు. పట్టాభిరామ కేకలేస్తే ఇంకో గ్లాసు పోసిచ్చాడు. మొదటిది మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున చేపలు తీస్తుంటే గ్లాసు చేతికి తగిలింది. లోపలి మందు గడ్డకట్టి ఉంది.

పిళ్ళప్ప అక్కడే నిలబడిపోయాడు. కొందరు కస్టమర్లు తాము తెచ్చుకున్న క్వార్టర్ సీసాలను ఆ ఫ్రీజర్లోనే పెట్టించుకునేవారు. రాత్రంతా ఉన్నా వాటిలో మందు ఎప్పుడూ గడ్డకట్టలేదు. గడ్డకట్టేది నీళ్ళే. అతను అలమరలోంచి కొత్త సీసా తీసి, మూత కింద గోరు పెట్టి గీకాడు. గోటికి జిగురు అంటింది. ఎవరో మూత తీసి మళ్ళీ అతికించారు.

సీసాలుండే గది తాళం నారాయణస్వామి దగ్గరే ఉంటుంది. పిళ్ళప్ప వెళ్ళేసరికి అతను ఆ గదిలోనే ఉన్నాడు. పిళ్ళప్ప అతని ముందు గ్లాసును బోర్లించాడు. ఏమీ పడలేదు.

"ఎప్పట్నించన్నా ఇది?"

నారాయణస్వామి గ్లాసు వైపు చూసి, తలుపు దగ్గరికేశాడు.

"మొదటి సంవత్సరం గుర్తుండాదా నీకు? అప్పుడు మనం పోసింది అసలు మందే. అప్పుడు కూడా సప్పగా ఉండాదనే కదప్పా అరిచినారు? ఎట్లయినా అరిచేవాళ్ళకి అసలుది ఎందుకు?"

"నా చేత దేవుని మీద ఒట్టు వేయించినావు."

"నీకు తెలీదు కదా. తెలీకుండా ఏసిన ఒట్టు తగలదు. అందుకే నీకు చెప్పలా. నీ మంచికే." నారాయణస్వామి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "చింతామణిలో కొత్త బార్ తెరుస్తాండా. ఆడికి మేనేజరుగా పోతావా? ఆడ నిన్ను ఒట్టెయ్యమని అడిగేవాళ్ళు ఉండరు."

పిళ్ళప్ప ఆ చేతిని తీసేశాడు. గ్లాసు తీసుకుని బయటికొచ్చి, మళ్ళీ ఫ్రీజర్లో పెట్టాడు.

మధ్యాహ్నం పట్టాభిరామ కూర్చోగానే దాన్ని తెచ్చి ముందు పెట్టాడు.

"మీరు చెప్పిందే నిజమన్నా. ఇది నిన్న మీకు పోసింది. గడ్డకట్టింది. నేనేసింది తప్పుడు ఒట్టు."

పట్టాభిరామ లేస్తాడని, గ్లాసు విసిరికొడతాడని, అంగళ్ళవాళ్ళందరినీ పిలుస్తాడని పిళ్ళప్ప అనుకున్నాడు. పట్టాభిరామ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇంకెవరికన్నా చెప్పినావా?"

"లేదన్నా."

"చెప్పొద్దు. నారాయణస్వామితో మాట్లాడు. దినామూ నాకు రెండు పెగ్గులు ఊరికే, అసలు సీసాలోంచి. నేను నోరు తెరిస్తే అడుగు."

ఆ మాట చెప్పి చెంచా అందుకున్నాడు. గ్లాసులోని గడ్డను గీకి నోట్లో వేసుకున్నాడు. మీసం మీదినుంచి నీళ్ళు చొక్కా మీదికి కారాయి.

"పారేసేదెందుకు? చల్లగా బాగుండాదప్పా," అన్నాడు.

పిళ్ళప్ప ముఖం తిప్పుకున్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న లారీ డ్రైవరు అప్పుడే గ్లాసుతో టేబుల్ మీద కొట్టాడు.

"ఏమప్పా, దీన్ని యాడ పట్టుకొచ్చినావు, బోరింగులోనా? రా, ఒట్టెయ్యి!"

కౌంటర్ దగ్గర నారాయణస్వామి తల ఎత్తాడు. పిళ్ళప్ప నడిమధ్యకు వచ్చి, గడిదం దిక్కుకు తిరిగి, చెయ్యెత్తాడు.

"వెంకటరమణస్వామి మీద ఒట్టు. నీళ్ళు కలిపినారు. అన్ని సీసాల్లోనూ."

పట్టాభిరామ చెంచా కింద పెట్టి, "నా రెండు పెగ్గులూ కెడిపినావు కదప్పా," అన్నాడు. డ్రైవరు తన గ్లాసులోకి చూసుకున్నాడు. తర్వాత దాన్ని నారాయణస్వామి వైపు చాచాడు.

"అట్లయితే ఇంకో అరపెగ్గు పొయ్యి స్వామీ."

పక్క టేబుల్ అతనూ గ్లాసు చాచాడు. అతని వెనకున్నవాళ్ళూ చాచారు. నారాయణస్వామి అప్పటికే సీసా అందుకున్నాడు.

పిళ్ళప్ప కొలత గ్లాసును కౌంటర్ మీద పెట్టి, ముందు తలుపు గుండా బయటికి వెళ్ళాడు. హైవే పక్కన ఆగాడు. ఉమ్మబోయి, ఎదురుగా ఉన్నది గడిదం దిక్కని గుర్తొచ్చి, బార్ వైపు తిరిగి ఉమ్మేశాడు.