పదహారో గీత తర్వాత

లక్ష్మీకాంత్ మూడోసారి బాత్రూమ్‌లోకి వెళ్ళి వచ్చాడు. అవసరం లేకపోయినా వెళ్ళాడు. ఇంజను తిరగడం మొదలయ్యాక అయిదు గంటల పాటు బాత్రూమ్ తలుపన్నది ఉండదని అతని ఒంటికి పద్ధెనిమిదేళ్ళుగా తెలుసు. ముందురోజు రాత్రి తొమ్మిది దాటితే మంచినీళ్ళు ముట్టడు. పొద్దున్నే పటమటలో ఇంట్లో రాజ్యలక్ష్మి కాఫీ ఇస్తే, సగం గ్లాసు తాగి మిగతా సగం ఆమెకే వదిలేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ అది ప్రేమనుకుంది.

గన్నవరం ఎయిర్‌పోర్టులో ఓ మూల షెడ్డు ముందు చిన్న విమానం నిలబడి ఉంది. ఒకే ఇంజను, ముందు రెండు సీట్లు. వెనక సీట్లు పీకేసి, అడుగున కన్నం చేసి, నేలవైపు చూసే కెమెరా బిగించారు. డెల్టాలోని పంట కాలవలనీ మురుగు కాలవలనీ పైనుంచి ఫొటోలు తీయడం వాళ్ళ పని. ఉయ్యూరు నుంచి సముద్రం దాకా ఒక గీత, దాని పక్కనే వెనక్కి ఇంకో గీత, నాగలి సాలు తిరిగినట్టు. రోజుకి ఇరవైరెండు గీతలు. ఒక్కో గీతకి పన్నెండు పదమూడు నిమిషాలు.

అతని సీటు వెనక నల్లగుడ్డ సంచీలో వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. వన్ టౌన్‌లో నాలుగు కొట్లు తిరిగి, మూతలు బిగించి, డబ్బాలు తలకిందులు చేసి చూసి మరీ కొన్నాడు. కొట్టతను “పచ్చడికాండీ?” అని అడిగితే అవునన్నాడు.

కుడివైపు సీట్లో భానుశ్రీ అప్పటికే బెల్టు బిగించుకుని కూర్చుంది. పాతికేళ్ళ పిల్ల. పెడనలో బట్టల కొట్టున్న సాంబమూర్తి కూతురు. ఎనిమిది నెలలుగా అతని పక్కన కో పైలట్. ఈరోజుతో ఆఖరు.

“గుడ్ మార్నింగ్ సార్” అంది నవ్వుతూ.

“ఊఁ” అన్నాడు.

నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. “సార్, సెలెక్టయ్యాను. ఎల్లుండి ఢిల్లీలో జాయినింగ్. ఇంట్లో కూడా ఇంకా చెప్పలేదు, ముందు మీకే చెప్తున్నా.” అతను “మంచిదమ్మా” అని పెట్టేశాడు. పెద్ద విమానాల కంపెనీలకి అతనూ రాశాడు. ఒకసారి రాతపరీక్షలో పోయింది. ఒకసారి అన్నీ పాసయ్యాక ఆ కంపెనీ ఉద్యోగాలే ఆపేసింది. మూడోసారి వయసు దాటిపోయిందన్నారు. ఇప్పుడు నలభైతొమ్మిది.

అతని కడుపుమంట జీతం గురించి కాదు. భుజాల మీద బంగారు చారల గురించీ కాదు. పెద్ద విమానం నడిపే మనిషి సీట్లోంచి లేస్తాడు, నాలుగడుగులు వేస్తాడు, ఒక తలుపు తీసుకుని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటాడు. ఆ గడియ మీద అతనికి ఎన్నేళ్ళ అసూయ! ఎవరితోనూ చెప్పుకోలేడు, నవ్వుతారు. ఇప్పుడా గడియ ఈ పిల్లకి దొరికింది, ఎనిమిది నెలలకే.

విమానం లేచింది. డిసెంబరు ఎండ. కోతలయిన పొలాల్లో వరికుప్పలు, అటు పోతే రొయ్యల చెరువులు అద్దాల్లా మెరుస్తున్నాయి. మొదటి గీత, రెండు, మూడు. కుడి కిటికీలోంచి ఆమె కాలవల మలుపులు చూసి నంబర్లు చెబుతుంటే అతను చక్రం కదలకుండా పట్టుకున్నాడు.

తొమ్మిదో గీతలో అతనికి తప్పలేదు. “యూ హ్యావ్ కంట్రోల్స్” అన్నాడు. “ఐ హ్యావ్ కంట్రోల్స్” అని ఆమె చక్రం అందుకుని తల కుడివైపుకి తిప్పేసుకుంది. ఇదెవరూ రాసిపెట్టిన రూలు కాదు. మొదటి వారంలో దానంతటదే కుదిరింది. అతను వెనక్కి చెయ్యి చాచి డబ్బా తీశాడు. పని అయ్యాక మూత బిగించి, చేతులు తుడుచుకుని, అలవాటుగా ఎత్తు చూపించే ముల్లు వంక చూశాడు. పది అడుగులు కూడా తేడా లేదు. ఆమె అటే చూస్తూ, ఒక కంటితోనే విమానాన్ని గీత మీద నిలబెట్టింది. అదీ గుచ్చుకుంది.

ఆమె దగ్గరా ఒక సంచీ ఉంది. అందులో పొడి ఉంటుంది, తడిని పీల్చుకుని జెల్లీలా గట్టిపడుతుంది. ఎనిమిది నెలల్లో దాని కవరు ఒక్కసారి కూడా చించలేదు. నీళ్ళు తాగడం మానేసేది, అంతే. ఏప్రిల్ ఎండల్లో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి నాలుగు రోజులు పడుకుంది. ఆఫీసుకి జ్వరమని చెప్పింది. డాక్టరు చీటీ అతని కంట పడింది కాబట్టి అతనికొక్కడికే తెలుసు. అప్పటినుంచీ ఆమె అడిగితే మధ్యలో విమానం దింపేవాడు. రెండుసార్లు అలా దిగారు కూడా.

పన్నెండో గీతలో రేడియోలో హైదరాబాద్ నుంచి వస్తున్న పెద్ద విమానం గన్నవరంలో దిగడానికి అనుమతి అడిగింది. ఆడగొంతు. భానుశ్రీ పెదవులు కదిపి ఆ మాటలే లోపల అనుకుంది. అతను రేడియో శబ్దం తగ్గించాడు.

పదహారో గీత ఉయ్యూరు దగ్గర ముగిసింది. ఎయిర్‌పోర్టు అక్కడికి పది నిమిషాలు.

“సార్, ఒకసారి దిగుదామా? వెంటనే ఎక్కేద్దాం.”

అతనికి అర్థమైంది. అయినా అడిగాడు. “ఏం?”

“ఆగడం కష్టంగా ఉంది సార్. పొద్దున అమ్మ బలవంతం చేసి మజ్జిగ తాగించింది.”

“ఇంకా ఆరు గీతలే. మబ్బులొస్తున్నాయి, మళ్ళీ ఎక్కితే ఫొటోలు రావు.” చక్రం సముద్రం వైపు తిప్పాడు. అంతటితో ఊరుకోలేదు. “రేపు ఢిల్లీలో కూడా ఇలాగే అడుగుతావా?”

“లేదు సార్” అంది ఆమె. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. “అక్కడ అడగక్కర్లేదు కదా.”

పదిహేడు. పద్ధెనిమిది. ఆమె నంబర్లు చెబుతూనే ఉంది, గొంతు మాత్రం సన్నబడింది. పై పెదవి మీద చెమట పట్టింది. మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటోంది. అతను అన్నీ చూస్తున్నాడు. ఉయ్యూరు మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెనక్కి తిప్పాడు. చూస్తూ చూస్తూ తిప్పాడు. ఎనిమిది నెలలుగా ఏ మాటకీ ఎదురు చెప్పని పిల్ల తన మూలాన బాధపడుతోంటే లోపలెక్కడో చల్లగా ఉంది. ఆ చల్లదనం తనదేనని గుర్తుపట్టాక భయమేసింది.

పందొమ్మిదో గీతలో, పామర్రు దాటుతుండగా నోరు తెరిచాడు. “భానూ, వెళ్ళిపోదాం, వెనక్కి తిప్పుతున్నా.”

ఆమె తల అడ్డంగా ఊపింది. “ఇంక దిగేదాకా ఆగలేను సార్.” సంచీ కవరు చించిన చప్పుడు వినిపించింది. “అటు చూడండి సార్.”

అతను ఎడమ కిటికీలోకి తిరిగాడు. కింద ఎవరివో పొలాలు, కాలవ గట్టున నిలబెట్టిన ట్రాక్టరు, ఆరబోసిన ధాన్యం. పక్కన ఆమె బెల్టు విప్పుకోవడం, ఇరుకులో మోచెయ్యి తలుపుకి తగలడం, ఊపిరి బిగబట్టడం అన్నీ తెలుస్తున్నాయి. గాలి కుదుపు రాబోతోందని రెక్క చెప్పింది. రెండు చేతులతో చక్రం పట్టుకుని, కుదుపుకి ముందే సర్దాడు. ఆ రెండు మూడు నిమిషాలు నడిపినంత నిలకడగా తను ఎగిరిన ఆరువేల గంటల్లో ఎప్పుడూ నడపలేదు. చేయగలిగింది అదొక్కటే అనిపించింది.

“అయింది సార్” అంది ఆమె.

అతను ఇటు తిరగలేకపోయాడు. సముద్రం కనిపించేదాకా ఎడమవైపే చూస్తూ ఉన్నాడు.

“మిగతా మూడూ కానిద్దాం సార్” అంది. “నా వల్ల మిగిలిపోయాయని ఉండకూడదు.”

కానిచ్చారు.

దిగాక ఆమె బ్యాగు పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చింది. గేటు బయట సాంబమూర్తి కారు దగ్గర నిలబడి కూతురి కోసం మెడ చాచి చూస్తున్నాడు. రాత్రికి పెడనలో ఉండి, తెల్లవారుజామున ఢిల్లీ వెళ్ళాలి.

“ఇందాక మబ్బులు లేవు” అన్నాడు లక్ష్మీకాంత్.

“తెలుసు సార్. నేనూ చూస్తూనే ఉన్నాగా.”

“మరి అనలేదేం?”

ఆమె బ్యాగు పట్టీ సర్దుకుంది. “నిన్న ఫోన్లో మంచిదమ్మా అన్నారు చూడండి, అప్పుడే తెలిసింది సార్. బాధేసింది. ఇవాళ కూడా వేసింది.” విమానం వైపు తిరిగింది. “విమానం నిలకడగా పట్టుకున్నారు. అదీ తెలిసింది.”

అతను తల ఊపాడు.

“వస్తాను సార్. నీళ్ళు తాగుతూ ఉండండి.”

గేటు దాకా వెనక్కి తిరగకుండా నడిచింది. తండ్రి బ్యాగు అందుకున్నాడు. కారు హైవే ఎక్కింది.

లక్ష్మీకాంత్ సంచీ మోసుకెళ్ళి డబ్బా కడిగి, ఎండలో బోర్లించాడు. ట్యాంకు దగ్గర రెండు గ్లాసుల నీళ్ళు ఆగకుండా తాగాడు. తడిగుడ్డ పట్టుకుని మళ్ళీ విమానం ఎక్కి తన సీటు, అద్దం, మీటలు తుడిచాడు. తర్వాత కుడివైపుకి వంగాడు. ఆమె సీటు ముందే శుభ్రంగా తుడిచి ఉంది, బెల్టు మడిచి ఉంది. పైన కొక్కేనికి ఆమె హెడ్‌సెట్ వేలాడుతోంది. చెవుల మీద వచ్చేచోట వాళ్ళమ్మ కుట్టి ఇచ్చిన గుండ్రటి తొడుగులు రెండు, పెడన అద్దకం గుడ్డవి, ఎర్రపువ్వుల చుట్టూ చెమట తడి ఇంకా ఆరలేదు.