పదమూడో కాలు

మా చర్చిలో పరిశుద్ధ గురువారం కాళ్లు కడిగించుకునే పన్నెండు మందీ ఇంటి దగ్గరే సబ్బుతో రుద్దుకుని, పౌడరు కొట్టుకుని వస్తారు. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా అయ్యగారు ఒక్కొక్కరి కుడికాలి మీద నీళ్లు పోసి, తువ్వాలుతో అద్దుతారు. ఒకాయనైతే ముందు రోజే పురసవాక్కంలో బ్యూటీ పార్లరుకు వెళ్లి గోళ్లు తీయించుకుని వచ్చాడు. ఆ సంగతి ఆయనే గొప్పగా చెప్పుకున్నాడు. చెన్నై వాషర్‌మెన్‌పేటలోని ఆ చర్చిని పద్నాలుగేళ్లుగా ఊడ్చి తుడిచేది నేను. బేసిన్ తోమి, గోరువెచ్చని నీళ్లలో పన్నీరు కలిపి పెట్టేదీ నేనే. మురికి లేని కాళ్లకు ఇంత సింగారమా అని ఏటా చీదరించుకుంటూనే కలుపుతాను. పైన పటారం, లోన లొటారం.

మురికి కాలు మా ఇంట్లో ఉంది.

మా ఆయన ప్రేమ్‌నాథ్ ఇరవై ఎనిమిదేళ్లు మురుగు కాలువల్లో దిగి పని చేసినవాడు. ఒంటిని ఆ పని సగం తింటే, మిగతా సగం షుగరు తినింది. కుడికాలి బొటనవేలి దగ్గర లేచిన పుండు మడమ దాకా పాకి నల్లబడింది. ఆ కంపు ఎలా చెప్పను? బియ్యం మూట వెనక ఎలుక చచ్చి నాలుగు రోజులైతే ఎలా ఉంటుందో అలా ఉండేది. మాకున్నది ఒకటే గది. అన్నం తినేదీ, పడుకునేదీ ఆ కంపులోనే.

కట్టు మార్చుకునేది ఆయనే. నేను ముక్కుకు కొంగు బిగించుకుని, వేడినీళ్ల బేసిన్‌ను కాలితో ఆయన వైపు తోసేదాన్ని. చేత్తో అందించలేదు. మూడు నెలలు అంతే. దేవుడి ఇంటిని తుడిచిన చెయ్యి కట్టుకున్నవాడి కాలిని ముట్టలేదు. నా మీద నాకే రోత పుట్టేది. ఆయన ఒక్క మాటన్నా అని ఉంటే తిరిగి తిట్టి తేలికపడేదాన్ని.

ఈస్టరు దాటిన సోమవారం మోకాలి కింద నుంచి కాలు తీసేయాలని ఆసుపత్రిలో చెప్పారు. ఆ మాటకు ఆయన ఏడవలేదు. ఇంటికి వచ్చాక నెమ్మదిగా అడిగాడు.

"మే షీబా, ఈ కాలు ఇన్నేండ్లు ఊరందరి పీతిలో నిలబడినాది. పొయ్యేలోపల ఒక్కసారి ఆ బేసిన్‌లో పెట్టుకుంటా. ప్రభువే కడిగినాడనుకుంటా. అంతేదా."

ఆయన ఇంతకు ముందు నన్ను ఏదీ అడిగి ఎరగడు. చర్చి సెక్రటరీ జెబకుమార్ దగ్గరకు పరిగెత్తాను. పన్నెండు మందిని ఎంచేది అతనే. నా చీరకు పట్టిన వాసనకే అతను జేబురుమాలు తీశాడు.

"నాకేం లేదక్కా. లైవ్ పోతాది గదా, చూసేవాళ్లకు ఒక మాదిరి ఇబ్బందిగా ఉంటాది. అన్నకే ఇన్‌ఫెక్షన్ అయితే పాపం. వెనకాల చెప్పుల స్టాండు కాడ కుర్చీ వేయిస్తా. ఆడ గాలి బాగుంటాది."

మనిషిని చెప్పుల పక్కన కూర్చోబెట్టడానికి గాలి సాకు! అతని మొహాన ఉమ్మాలనిపించింది. జీతం గుర్తొచ్చి మింగేశాను.

గురువారం సాయంత్రం ప్రేమ్‌నాథ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కట్టు మీద ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఆ కుర్చీలో కూర్చున్నాడు. లోపల అయ్యగారు తనను తాను తగ్గించుకోవడం గురించి గొంతు వణికిస్తూ చెప్పి, కెమెరా వైపు తిరిగి పన్నెండు కాళ్లూ కడిగారు. పారబోయడానికి బేసిన్ ఎత్తుకుని వెనక్కి వచ్చాను. నేను పెట్టినప్పుడు ఎంత తేటగా ఉన్నాయో నీళ్లు అంతే తేటగా ఉన్నాయి.

ప్రేమ్‌నాథ్ బేసిన్ వంక చూసి, చూపు తిప్పుకున్నాడు.

"బరువుగా ఉంటాది. పారబొయ్యి మే," అన్నాడు.

పారబోశాను. వాళ్ల నీళ్లు ఆయనకెందుకు? కుళాయి తిప్పి కొత్త నీళ్లు పట్టి, ఆయన ముందు గచ్చు మీద కూర్చుని కట్టు విప్పాను. చివరి వరస పుండుకు అంటుకుపోయింది. అది ఊడేసరికి కంపు గుప్పుమంది. పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాను. నోరు కడుక్కుని మళ్లీ కూర్చున్నాను.

వట్టి చేతులతో వేలు వేలి మధ్యా కడిగాను. చీము జారింది. నీళ్లు నల్లబడ్డాయి. అసహ్యం పోయిందంటే అబద్ధం. చెయ్యి మాత్రం ఆపలేదు. చెప్పుల కోసం వచ్చినవాళ్లు ముక్కులు మూసుకుని చుట్టూ తిరిగి పోయారు. అయ్యగారు ఒక్క క్షణం నిలబడి, తర్వాత కారెక్కారు.

ప్రేమ్‌నాథ్ కళ్లు మూసుకున్నాడు. "వచ్చినాడు మే," అన్నాడు.

"ఎవురు?"

"ఆయనే."

నాకు ఒళ్లు మండింది. "ఎవురూ రాలేదు. నేనేదా!"

"ఆమా, నువ్వేదా," అని ఒప్పుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు, మూడు నెలల్లో మొదటిసారి.

సోమవారం కాలు తీసేశారు. మత్తు దిగాక ఆయన నొప్పికి కేకలు పెట్టాడు గానీ, దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక కట్టు మార్చే పని నేను తీసుకున్నాను. నేను కడుగుతుంటే ఆయన శ్రుతి లేకుండా కీర్తన ఎత్తుకునేవాడు. విసుక్కునేదాన్ని గానీ, ఆ పాట లేని రోజు నాకే తోచేది కాదు.

ఏడాది తిరిగింది. గాయం మానింది, కంపు పోయింది. జెబకుమార్ లిస్టు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు.

"అన్నా, ఈ తూరి మీరు కచ్చితంగా కూర్చోవల్ల. ఎడమకాలు కడిగిస్తాం. లైవ్‌లో చూసినోళ్లు కండ్లనీళ్లు పెట్టుకుంటారు."

ప్రేమ్‌నాథ్ నవ్వాడు. "నాది అయిపొయినాది తమ్ముడూ. ఆ చెప్పుల స్టాండు కాడ ఎవురన్నా కూర్చోనుంటే చూడండి. వాళ్లకు చెయ్యండి."