చిటికెడు ఉప్పు

పద్నాలుగో సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించింది రుజువక్క. చీటీ మీద ‘తాగునీరు’ అని గుండ్రంగా రాసి ఉంది. “రాసినవాడు తాగి చూశాడో లేదో” అని గొణుక్కుంటూ గాజుకుప్పెలో కొలిచి పోసింది. పసుపురంగు మందు చుక్కలు వేసి, పైనున్న సన్నటి గొట్టంలోంచి, నీళ్లలో ఉప్పెంతుందో తేల్చే సిల్వర్ నైట్రేట్ బొట్టుబొట్టుగా వదులుతూ, కుప్పెను గుండ్రంగా తిప్పింది. పసుపు కాస్తా ఇటుక రంగుకు తిరగ్గానే గొట్టం తిప్పే చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ చెయ్యి అక్కడే ఆగుతోంది.

పొట్టి మనిషి. వెడల్పాటి నుదురు, దారంతో కట్టిన కళ్లజోడు కాడ, మోచేతుల దగ్గర మాసిపోయిన తెల్లకోటు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు చివరలు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. సిల్వర్ నైట్రేట్ మరక సబ్బుకు లొంగదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఆ వేళ్లు చూసి కొంచెం జరుగుతారు. నీళ్ల పరీక్షశాలలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎవరేం చెప్పినా “రుజువేది?” అంటుంది కనుక చిన్నా పెద్దా అందరికీ ఆమె రుజువక్కే.

“అక్కా, ఈ రాగి ఉంగరం పెట్టుకున్నాక మోకాళ్ల నొప్పి మాయమైపోయింది,” అన్నాడు పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయన. ఆయన రోజంతా గాజుపళ్లేల్లో పెరిగిన సూక్ష్మజీవుల చుక్కలు లెక్కపెడతాడు.

“మెట్లెక్కడం ఎప్పుడు మానేశావు?”

“అదీ అప్పుడే అనుకో.”

“అయితే ఉంగరం తీసి నెల రోజులు చూడు.”

“తీస్తే నొప్పి మళ్లీ వస్తుందేమో!”

“అది తెలుసుకోడానికేగా తియ్యమనేది!”

ఆయన ఉంగరాన్ని ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు. చుక్కలు లెక్కపెట్టడంలో ఒక్కటి కూడా తప్పిపోనివ్వని మనిషి! రుజువక్క తల పట్టుకుని పదిహేనో సీసా అందుకుంది.

సగంలో ఉండగా ఫోను మోగింది. వదిన.

“ఏమ్మా, వీలైతే పదకొండింటికి ఇంటికొస్తావా? నీళ్లు శుద్ధిచేసే మిషన్లు అమ్మే ఆయన, అదే నీళ్ల మిషనాయన, మీటింగు పెడుతున్నాడు. మీ అన్నయ్య కూడా మాట్లాడతారట. మాత్రలు మానేసినా ఆ మిషను నీళ్లతో బీపీ ఎలా తగ్గిందో చెప్తారట.”

“మాత్రలు మానేశాడా? ఎప్పుడు?”

“నీకు చెప్పలేదా? ఇరవై రోజులైంది. నువ్వు అరుస్తావని చెప్పుండరులే.”

కుప్పెలో నీళ్లు ఇటుక రంగు దాటి ముదురు ఎరుపుకు పోయాయి. రుజువక్క వాటిని తొట్టిలో పారబోసి, మిగిలిన సీసాలు ఫ్రిజ్‌లో సర్ది, సగం రోజు సెలవు రాసిచ్చి బయటపడింది.

బస్సులో కిటికీ చువ్వకు తల ఆనించి కూర్చుంటే ఒళ్లు మండిపోతోంది. ఊళ్లోవాళ్లు నమ్మారంటే సరే. అన్నయ్య నమ్మడమేమిటి? నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. తన ఆరో ఏట, రేడియోలో చిన్న చిన్న మనుషులుంటారని తను ఏడిచి గోల చేస్తే, వెనక మరలు విప్పి, టార్చి వేసి, “చూడు అమ్మడూ, ఎవరున్నారు? చూడకుండా ఏదీ అనకు” అన్నది ఆయనే. తనకు ఈ రుజువుల పిచ్చి అంటించినవాడు ఇప్పుడు ఎవడో తెచ్చిన మిషను ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు!

వెళ్లేసరికి ముందుగది నిండిపోయి ఉంది. ఇరుగుపొరుగు ఇరవై మంది దాకా. నీళ్ల మిషనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతున్నాడు. బల్ల మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆయన మిషను నీళ్లు. రెంటిలోనూ ఇనుప కడ్డీలు దించి కరెంటు పెట్టాడు. రెండు నిమిషాల్లో కుళాయి నీళ్లు గోధుమరంగు బురదలా అయ్యాయి. రెండో గ్లాసు అద్దంలా ఉండిపోయింది.

“చూశారా, మనం రోజూ తాగే విషం,” అన్నాడాయన. గదంతా నోళ్లు వెళ్లబెట్టింది.

రుజువక్క వంటింట్లోకి వెళ్లి ఉప్పుడబ్బాలోంచి చిటికెడు తీసుకొచ్చింది. ఎవరినీ అడక్కుండా మిషను నీళ్లలో వేసి కలిపింది.

“ఇప్పుడు పెట్టండి కరెంటు.”

ఆయన తటపటాయించాడు. ఆమే స్విచ్చి వేసింది. చూస్తుండగానే ఆ గ్లాసూ బురదైంది, మొదటిదానికంటే చిక్కగా.

“బురద నీళ్లలోది కాదు, ఆ కడ్డీది. ఇనుము కరిగి వచ్చిన తుప్పు అది. ఉప్పులున్న నీళ్లలో కరెంటు పారుతుంది, లేని నీళ్లలో పారదు. అంతే సంగతి. నీళ్లు మంచివో చెడ్డవో ఈ కడ్డీలకేం తెలుసు?”

ముందు వరసలో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“శుభ్రమైన నీళ్లలో ఉప్పేసి పాడుచేసింది మీరే కదమ్మా!”

“అదీ నిజమే,” అన్నారెవరో. ఒకావిడ, మిషనులో చిన్న సైజు దొరుకుతుందా అని అడిగింది. రుజువక్కకు ఆ రెండు గ్లాసులూ తన నెత్తినే గుమ్మరించుకోవాలనిపించింది. కుర్చీలో అన్నయ్య తలొంచుకుని కూర్చున్నాడు. చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచి లోపలికి వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక వెనకగదిలోకి వెళ్లింది. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఎముకలు తేలిన పెద్ద చేతులు మోకాళ్ల మీద బోర్లించి ఉన్నాయి.

“నలుగురిలో పరువు తీశావు కదే.”

“నీ పరువు కాదు తీసింది, ఆ కడ్డీలది. నీకు కరెంటు సంగతి తెలియదా అన్నయ్యా?”

“తెలియకేం? మొదటిరోజే తెలుసు. ఉప్పేస్తే ఏమవుతుందో నీకంటే ముందే చేసి చూశాను.”

రుజువక్క మంచం మీద ఆయన పక్కన కూర్చుంది.

“మరి?”

“డాక్టరు నా మొహం చూడకుండా చీటీ రాస్తాడు. నువ్వు ఫోను చేసి మాత్ర వేసుకున్నావా అని అడిగి పెట్టేస్తావు. ఇతను వారానికి రెండుసార్లు వచ్చి, ఎలా ఉన్నావు, నిద్ర పట్టిందా అని గంటసేపు కూర్చుంటాడు. మాత్ర మానేశానంటే ఎంత సంతోషించాడో! ఆ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు.”

“దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?” అని అరిచింది. అరిచాక గొంతు తగ్గించి, బీపీ చూసే పట్టీ ఆయన చేతికి చుట్టింది. నూట తొంభై ఆరు, కింద నూట పన్నెండు. అయిదు నిమిషాలాగి మళ్లీ చూసింది. అంకె పెద్దగా మారలేదు.

“మిషను తప్పేమో.”

“నాకు చూసినా అదే తప్పు చూపించాలిగా,” అని పట్టీ తన చేతికి చుట్టుకుంది. నూట ముప్పై. ఆయన కిటికీ వైపు చూశాడు.

“ఆసుపత్రికి పోదాం పద.”

“ఇవాళ రాను. రేపు.”

ఎంత బతిమాలినా లేవలేదు. ఫోను చేసి మర్నాడు పదింటికి డాక్టరుని ఖాయం చేసింది. మలుపు దగ్గరి మందుల షాపుకి వెళ్లి ఆయన పాత చీటీ చూపించి పది మాత్రల షీటు తెచ్చింది. ఒకటి నొక్కి తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

“ఆ నీళ్లతోనే వేసుకుంటా,” అన్నాడాయన పట్టుదలగా.

“దేనితోనైనా వేసుకో మహానుభావా! లోపలికి పోతే చాలు.”

మింగాడు. ఆమె ఆ మధ్యాహ్నమంతా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎలా ఉంది, నిద్ర పడుతోందా అని అడిగింది. అడగడం చేతకాక అధికారి ప్రశ్నల్లా వచ్చాయి. అయినా ఆయన ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. సాయంత్రం బస్సుకి లేస్తుంటే, “రేపు పొద్దున్న నుంచి రోజూ వేసుకో. వదినకు చెప్పే పని పెట్టకు,” అంది. ఆయన ఊఁ అన్నాడో లేదో వినపడలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి, గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కూలిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

ముందుగదిలో మళ్లీ అదే జనం. “ఇరవై రోజులు రాయిలా తిరిగాడు. మాత్ర పడ్డ మర్నాడే పోయాడు,” అంటోంది చిన్న సైజు అడిగినావిడ. నీళ్ల మిషనాయన గుమ్మం దగ్గర నిలబడి నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. పరీక్షశాల నుంచి వచ్చిన పక్క బల్ల ఆయన చెవి దగ్గరికి వచ్చి, “ఆ నీళ్లే చంపాయక్కా,” అన్నాడు.

“మాత్రలు మానేస్తే వేలమందిలో ఏమవుతుందో తెలుసు,” అంది రుజువక్క. “మా అన్నయ్య ఈ ఇరవై రోజులూ మాత్రలు వేసుకునుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఒక్క మనిషితో ఏదీ తేలదు.”

ఆ మాట తన నోటే వచ్చినందుకు ఒళ్లు మండింది. ఈ ఒక్కరోజు, నలుగురిలా, వీడే చంపాడని చెయ్యి చూపించి అరిస్తే ఎంత బావుండును! చెయ్యి లేవలేదు. వేళ్లు కొంగులో దాచుకుంది.

జనం పలచబడ్డాక వదిన, మంచం పక్కన అల్మారా సర్దమంది. మడత పెట్టిన తువ్వాలు, ఒక స్క్రూడ్రైవరు, చెవిలో పెట్టుకునే దూది. వాటి వెనక గోడకు ఆనించి, నిన్న తను ఒకటి తీసి ఇచ్చిన మాత్రల షీటు. రుజువక్క కళ్లజోడు సరిచేసుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టింది. ఎనిమిది గూళ్లు నిండుగా ఉన్నాయి. రెండు ఖాళీగా, వెనక రేకు చిరిగి ఉన్నాయి.